సార్జెంటు గారి ఆవిరి

మా దీవిలో రేవు చివరన పాత కస్టమ్స్ ఇల్లుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. గాడిదలు కూడా ఆ మలుపు దగ్గర మొండికేస్తాయి. ఆ ఇంటి కిటికీ అద్దాలకి లోపలినుంచి ఆవిరి పడుతుంది... లోపల మనుషులుండరు. ఆవిరి మాత్రం ఉంటుంది. స్పిరిటు పొయ్యి వాసన కూడా.

సైన్యం వాళ్ళు మా గ్రీసు దేశాన్ని ఏలిన రోజుల్లో, వాళ్ళకి నచ్చనివాళ్ళని తెచ్చి మా దీవిలో పడేసేవారు. ఆ ఖైదీలకొచ్చే ఉత్తరాలన్నీ ముందు ఈ ఇంట్లో సార్జెంటు స్కార్లాటోస్ చేతికి పోవాలి. ఆయన కవరుని ఆవిరి మీద పట్టి, జిగురు ఊడదీసి, చదివి, ముద్ర వేస్తేనే ఖైదీకి. ఖైదీ ఆయన ఎదుటే నిలబడి చదువుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. అంత మర్యాదైన ప్రభుత్వం!

ఆ ప్రభుత్వం పడిపోయిన వారమే సార్జెంటు తన కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. పోయాడు గానీ డ్యూటీ మానలేదంటారు. జీతం లేదు, సెలవు లేదు, పింఛను లేదు... మా రేవులో బతికున్న ఆఫీసర్లేమో భోజనానికని వెళ్ళి మళ్ళీ కనబడరు. అంత బుద్ధిమంతుడైన ఉద్యోగి మాకు దెయ్యాల్లోనే దొరికాడు.

స్తమాతక్కకి జరిగింది చెప్తాను. ఆవిడే చెప్పింది నాకు, రొట్టెల బట్టీ దగ్గర, గొంతు తగ్గించి.

ఆవిడ మొగుడు థ్రాసోస్ అలా వచ్చిన ఖైదీయే. నాలుగేళ్ళున్నాడు. "తప్పయింది" అని ఒక్క సంతకం పెడితే మొదట్లోనే ఇంటికెళ్ళేవాడు. పెట్టలేదు. విడిచిపెట్టాక సొంతూళ్ళో పనిచ్చే ధైర్యం ఎవరికీ లేక, పెళ్ళాన్నీ కూతురు ఫానీనీ ఇక్కడికే తెచ్చుకుని బట్టీ పెట్టాడు. రెండేళ్ళ కిందట చనిపోతే మా వీధికి ఆయన పేరు పెట్టారు. బతికుండగా ఆయన్ని పలకరించడానికి భయపడినవాళ్ళే ఆ బోర్డుకి మేకులు కొట్టారు.

తర్వాత ఏథెన్సు నుంచి ఖైదీల హక్కుల సంఘం దిగింది. ఇస్మిని అనే లాయరమ్మాయి పెద్ద. కస్టమ్స్ ఇంటి అటక మీద ఉత్తరాల గోతం దొరికిందట. అద్దాల పెట్టెల్లో పెట్టి అందరికీ చూపిస్తారట. అక్కడ దెయ్యముందమ్మా అన్నాం. నవ్వింది. పట్నంవాళ్ళకి దెయ్యాలుండవు, సంఘాలుంటాయి.

ఒక శనివారం ఆ పిల్ల బట్టీకి వచ్చి అంది, "పిన్నీ, మీరు పంపిన కవరొకటుంది! రేపు సభలో మంత్రిగారి ముందు మీ ఫానీ చేత చదివిస్తాం. ఖైదీ భార్య ధైర్యం లోకానికి తెలియద్దూ?"

స్తమాతక్క చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

ఆవిడ రాసింది ఒక్కటే ఉత్తరం. అందులో ఏముందో ఆవిడకి తెలుసు. "సంతకం పెట్టెయ్యి. పిల్ల నిన్ను మర్చిపోతోంది. నీ పరువు నాకు కూడు పెట్టదు."

తిరిగొచ్చాక థ్రాసోస్ ఆ మాట ఎత్తలేదు. ఈవిడ అడగలేదు. ఇన్నేళ్ళూ ఒకే బట్టీ ముందు నిలబడి రొట్టెలు కాల్చారు — మధ్యలో ఆ ఉత్తరం. చదివి మింగేశాడు, నన్ను క్షమించలేదు... అనుకుంటూనే కాపురం చేసింది. కూతురు ఫానీ అయితే ఊరంతా చెప్పుకుంటుంది, "మా నాన్నే కాదు, మా అమ్మా తల వంచలేదు" అని.

ఆ రాత్రి శాలువా కప్పుకుని బయల్దేరింది. ఆ ఉత్తరం తియ్యాలి. అంతే.

మలుపు తిరిగింది...

కిటికీకి ఆవిరి.

శిలువ వేసుకుంది. గుమ్మంలో నిలబడి గుసగుసగా అంది, "సార్జెంటు గారూ... నాది నాకిచ్చేస్తే పోతాను..."

తలుపు తోసింది. తెరుచుకుంది. బుస్... బుస్... పొయ్యి చప్పుడు. ఆవిరిలో వంగిన వీపు. ఎత్తిన చెయ్యి. చేతిలో కవరు —

వీపు నెమ్మదిగా తిరిగింది.

"తలుపు వెయ్యండి పిన్నీ, ఆవిరి పోతుంది!"

ఇస్మిని!

స్తమాతక్క గడప మీదే కూలబడింది. "నువ్వటే? నువ్వు కూడా ఆవిరేనా?"

"చింపితే పాడైపోతాయి, ఇదే పద్ధతి," అంది ఆ పిల్ల, ఏ మాత్రం తడుముకోకుండా. "ఇది చూడండి. ఈ గోతంలోవన్నీ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. ఆ మహానుభావుడు తెరవనే లేదు, పంపనూ లేదు. బద్ధకమేస్తే గోతంలో పడేసేవాడు. పొయ్యి పక్కన అడుగంటిన కాఫీ గిన్నె దొరికింది!"

దేశమంతా ఆయనకి భయపడి మాటలు మింగుకుని ఉత్తరాలు రాసింది. ఆయన కాఫీ కాచుకున్నాడు.

"నాది... నాది కూడానా?"

ఇస్మిని కవరు తీసి చూపించింది. జిగురు చెక్కుచెదరలేదు. ముద్ర లేదు. అంటే థ్రాసోస్ చదవలేదు. ఆయన మింగిందేమీ లేదు. స్తమాతక్కకి నవ్వో ఏడుపో తెలియనిదేదో వచ్చింది.

"ఉండండి, తెరుద్దాం," అని ఆ పిల్ల కవరు ఆవిరి మీదికి చాపింది.

స్తమాతక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "అమ్మాయీ, అది నాది."

"ఇప్పుడది చరిత్రది, పిన్నీ."

"చరిత్రకి నా మొగుడితో నా గొడవెందుకే? ఖైదీల హక్కులదానివి కదా. ఇన్నేళ్ళూ ఖైదులో ఉన్నది ఈ ఉత్తరమే. విడిచిపెట్టు."

ఇస్మిని ఆ పొయ్యి వైపు చూసింది. తన చేతి వైపు చూసింది. పొయ్యి ఆర్పేసి, కవరు ఇచ్చేసింది.

రవికలో దోపుకుని పరుగున ఇంటికొచ్చింది స్తమాతక్క. బట్టీ మండుతోంది. కవరు బయటికి తీసింది —

జిగురు ఊడి ఉంది.

కాగితం చెమ్మగా, వెచ్చగా ఉంది. దాని మీద ఊదారంగు ముద్ర... వేలికి అంటుకునేంత తడిగా. "పరిశీలించడమైనది. ఖైదీకి అందజేయవచ్చు."

కాఫీ వాసన.

అరిచి బట్టీలోకి విసిరేసింది. అది మండి, పొగ గొట్టంలోంచి పైకి పోయాక గానీ తట్టలేదట — తను ఆపిందా... పంపిందా?

మర్నాడు సభకి పోలేదు. మంత్రిగారు స్వేచ్ఛ గురించి గంటసేపు మాట్లాడారు. అప్పట్లో ఆయనా ఖైదీగా వచ్చి మొదటి వారమే సంతకం పెట్టి ఇంటికెళ్ళాడని అందరికీ తెలుసు, అందుకే చప్పట్లు బాగా పడ్డాయి. ఫానీ ఇంకెవరి ఉత్తరమో చదివింది.

స్తమాతక్క మొగుడి సమాధి దగ్గర దీపం వెలిగించి, వంగి, మెల్లగా అడిగింది. "నీకేమైనా... అందిందా?"

వత్తి ఒక్కసారి తల ఊపింది. ఆరిపోయింది.

గాలమ్మా, అన్నాడు మా ఫాదరు. అయ్యుంటుంది. మా దీవిలో గాలి లేని రోజుండదు. ఆ రోజు తప్ప — రేవులో పడవలు అద్దం మీద పెట్టినట్టున్నాయి, మంత్రిగారి జెండా కూడా తడిబట్టలా వేలాడింది.