అరవ సినిమాలో ఆ మనిషి ఏటంది?

అంత కోపంలో ఉన్న మనిషి ‘అన్నం తిన్నావా’ అని అడగదు. ఎక్కడా అడగదు. అరవ దేశంలో కూడా అడగదు.

దేముడమ్మ ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది గాని, మనసు నిన్న సాయంత్రం టీవీలో చూసిన ముఖం దగ్గరే ఆగిపోయింది. సినిమాలో ప్రేమించి పెళ్ళాడిన భర్త ఎన్నాళ్ళకో ఇంటికొస్తాడు. వాన. అతను బయట, ఆవిడ లోపల, మధ్యలో తడి వెలుతురు. సినిమా మొదలైన దగ్గర్నుంచి ఇద్దరి వెంటా తిరిగిన వేణువు అక్కడ చటుక్కున ఆగిపోయింది. చూరునీళ్ళ చప్పుడొక్కటే మిగిలింది. ఆవిడ ఏడవలేదు. కింది పెదవి ఒక్కసారి వణికి బిగుసుకుపోయింది. ఆ తర్వాత నాలుగు మాటలంది, గొంతు పెంచకుండా.

“తిన్నావా, తడిసిపోనావు, లోపలికి రా అంతంది,” అని పక్కనుంచి అప్పలస్వామి చెప్పాడు.

దేముడమ్మ మొగుడు అప్పలస్వామి పెళ్ళయిన నాటినుంచీ మద్రాసు హార్బరులో మరబోటు మీదే బతుకుతున్నాడు. వేట నిషేధం పెట్టిన రోజుల్లోనే పూండిలో రైలు దిగి పల్లెకు వస్తాడు. ఆ రోజుల్లో మగవాళ్ళంతా అరవ సినిమాల సీడీలు తెస్తారు. ఏ ఇంట్లో చూసినా మొగుడు పక్కన కూర్చుని తెరమీద మాటల్ని తెలుగులో చెబుతుంటాడు, పెళ్ళాం అతని నోటివంక చూస్తుంటుంది. దేముడమ్మ నిన్న నోటివంక చూడడం మరిచిపోయింది. ముఖంవంకే చూసింది.

ముఖం ఒకటి చెబుతోంది, పక్కవాడు మరొకటి చెబుతున్నాడు. ఇది తనకి కొత్త కాదు. ఎక్కడో తగిలిందే. ఎక్కడ?

“అమ్మా,” అంటూ హేమ వచ్చి ఎదురుగా కూలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “సాయంత్రం సింహాద్రి మావోళ్ళు పెళ్ళిమాట తీసుకోడానికి వత్తన్నారంట. నువ్వెలాగ ఒప్పుకున్నావే?”

“నాను ఒప్పుకోడవేటి? నువ్వే కొండబాబుని ఇష్టపడ్డావని గదా మీ నాన్న సెప్పినాడు!”

“నానెక్కడ ఇష్టపడ్డాను? నాతో మీయమ్మకిష్టవే అన్నాడు నాన్న.”

కొండబాబు సింహాద్రి కొడుకు. అతనిదీ అదే హార్బరు, అదే బోటు. దేముడమ్మ చేతిలోని గంప కింద పెట్టేసింది. ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలిసింది. అప్పలస్వామి తల్లి మౌనాన్ని కూతురికీ, కూతురి మౌనాన్ని తల్లికీ తనకు నచ్చిన తెలుగులో చెప్పుకొచ్చాడు. ఇన్నేళ్ళుగా తను లోపల అణుచుకుంటున్నదేమిటో ఆమెకిప్పుడే అర్థమై, లేచి హేమతో ఇంటివైపు నడిచింది.

అప్పలస్వామి కొబ్బరిచెట్టుకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు.

“మావా, ఆ సినిమా ఎయ్యి.”

“పొద్దున్నే సినిమా ఏటే? సుట్టాలొత్తన్నారు, ముందు ఇల్లు సర్దు.”

“ఆ వాన ముక్క ఎయ్యి.”

“పిచ్చిగాని పట్టిందేటి?”

“పట్టింది. హేమా, నువ్వెయ్యవే.”

తెరమీద మళ్ళీ వాన మొదలైంది. చెంపమీద సగం నురగతోనే అప్పలస్వామి లోపలికొచ్చి, “తిన్నావా, తడి...” అనబోయాడు.

“నువ్వు ఒల్లకో!” అని నోరు మూయించింది.

పక్కింటి దాలమ్మ కంచెమీంచి తొంగిచూసింది. దేముడమ్మ లెక్కచెయ్యలేదు.

“ఈసారి నాను సెప్తాను. నువ్వు ఇను. ఇది నీకు ఇల్లు కాదు, సత్రవంతంది. నీకోసం ఏడిసి ఏడిసి, ఇప్పుడు నువ్వొచ్చినా ఏడుపు రాటం నేదంతంది. నువ్వు నేకుండా బతకడం నాకు నేర్పినోడివి నువ్వే, ఇప్పుడు గుమ్మంలో నిలబడి నవ్వమంటే ఎలాగ నవ్వుతానంతంది.”

ఆమె ఆగిన చోటనే తెరమీది పెదవులూ ఆగాయి. ఆ సంగీతం కట్టినవాడెవడో గాని ఆడదాని మనసెరిగినవాడు. వేణువుని వెనక్కి పిలవలేదు.

“ఇంతేనా, ఇంకా ఉందా? నీకు అరవం వచ్చు గదా, సెప్పు.”

నురగ అతని చెంపమీదే ఎండిపోతోంది.

“ఇంచుమించు అదే అంది,” అన్నాడు అప్పలస్వామి వినీ వినబడనట్టు. “నిన్ను పక్కనెట్టుకోని ఆ మాట నా నోటితో ఎలాగ అంతానే?”

“సినిమా సంగతి ఒగ్గెయ్. నా పేరు సెప్పి హేమకీ, హేమ పేరు సెప్పి నాకూ అబద్ధవెందుకు ఆడినావు?”

“మీరిద్దరూ ఏటీ అన్నేదు. అనకపోతే ఇష్టవే అనుకున్నాను.”

“అడిగితే గదా అనడానికి!”

“కొండబాబు మంచోడే...”

“మంచోడే. నువ్వు మాత్రం సెడ్డోడివా? మంచోడికోసం దారి సూత్తా ముసిలైపోడం ఎలాగుంతాదో నన్నడుగు!”

అప్పలస్వామి కూతురివైపు తిరిగాడు. “నువ్వేటంతావే?”

హేమ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పనికి వెళుతుంది. జీడి తగిలి నల్లబడిన వేళ్ళను ఒకదానితో ఒకటి రాసుకుంటూ, “నాకొద్దు నాన్నా,” అంది. “మనిషి మీద కోపం నేదు. అమ్మలాగ ఉండనేను.”

అతను గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఏడుపు నురగలో చారలు గీసుకుంటూ దిగింది. అది చూస్తే తన కోపం చల్లారుతుందనుకుంది దేముడమ్మ. చల్లారలేదు. దాని పక్కన ఇంకొకటి వచ్చి నిలబడిందంతే. ఆ మాటల్ని దాచాడంటే, అతనికి అర్థమైందన్నమాటే. నిన్న టీవీ ముందు కూర్చుని, ఆ మాటలు తన పెళ్ళానివేనని అతనొక్కడే గ్రహించాడు. భయపడ్డాడు. తనంటే లెక్కలేని మనిషికి ఆ భయం ఉండదు.

“మొకం కడుక్కో,” అంది. కళ్ళు తనకీ మసకబారాయి. “సగం గెడ్డంతో సుట్టాలకి ఎదురెల్తావేటి?”

సాయంత్రం సింహాద్రి, మరో ఇద్దరు పెద్దలు వచ్చి అరుగుమీద పరిచిన చాపమీద కూర్చున్నారు. ఆనవాయితీగా ఆడవాళ్ళు తలుపు వెనకే నిలబడ్డారు. సింహాద్రి చుట్ట వెలిగించి నవ్వాడు.

“ఏటి బావా, మీ ఆడోళ్ళకి ఇష్టవే గదా?”

అలవాటు కొద్దీ అప్పలస్వామి తలాడించబోయి ఆగాడు.

“నాకు తెలీదు బావా. ఆల్లనే అడుగు.”

అందరి తలలూ తలుపువైపు తిరిగాయి. తలుపు వెనకనుంచి కూడా జవాబు చెప్పవచ్చు, తప్పేం లేదు. కాని దేముడమ్మ బయటికొచ్చింది. జరగమన్నట్టు అప్పలస్వామిని మోచేత్తో పొడిచి, మగవాళ్ళ చాపమీద అతని పక్కనే కూర్చుంది.