పదిహేడో అట్ట

"ఫ్రైట్ అంటే?" అని అడిగారు రామదాసు సారు.

"భయం సార్!" అన్నారు వెనక వరసలోని పిల్లలు.

"ఎప్పుడు కలుగుతుంది?"

"లెక్కల సారు కండ్లజోడు తీసి తుడుచుకునేటప్పుడు సార్!" అన్నాడు ఓబన్న.

ఆరో తరగతి అంతా గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. కిటికీ బయట ఎర్రమట్టి చేలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఏడు వేరుశనగ మొలిచినట్టే మొలిచి ఎండిపోయింది.

ఆ రోజు బత్తలపల్లె హైస్కూల్లో జరుగుతున్నది ఇంగ్లీషు మాటల ఆట. చివర ఐ, జీ, హెచ్, టీ అనే నాలుగు అక్షరాలు వచ్చే మాటలు సారు బోర్డు మీద రాశారు. నైట్ అంటే రాత్రి. ఫైట్ అంటే పోట్లాట. సైట్ అంటే చూపు. టైట్ అంటే బిగుతు. బ్రైట్ అంటే బాగా వెలిగేది. అలా ఇరవై రెండు మాటలు. తరగతిలో ఉన్నదీ ఇరవై ఇద్దరే. ఒక్కొక్కరూ ఒక్కో అట్ట తీసుకుని, ఒకవైపు మాట, రెండోవైపు దాని అర్థం రాయాలి. తర్వాత అట్టలు ఒకరికొకరు మార్చుకుంటూ ఆడాలి.

మారెక్క చెయ్యెత్తింది. "సార్, జీ, హెచ్ పలకడమే లేదు గదా. వాటిని తీసేస్తే పోలా?"

"తీసేసి చదువు చూద్దాం. అప్పుడది వేరే మాట అయిపోతుంది. నోరు తెరవకపోయినా వాటి పని అవి చేస్తూనే ఉన్నాయమ్మా" అన్నారు సారు. తర్వాత చేతిలోని అట్టను తిప్పి చూశారు. "ఇంతకీ ఇంత గట్టి అట్టలు ఎవరు తెచ్చారు?"

"ఈశ్వరి సార్!"

ఈశ్వరి లేచి నిలబడింది. హాజరుపట్టీలో ఆమె పేరు చౌడేశ్వరి. నాయన గంగాధరప్ప పట్టుచీరలు నేస్తాడు. అట్టలు ఒక్కోటి మూరెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు ఉన్నాయి. చాలావాటి నిండా చిన్నచిన్న తూట్లు. పిల్లలు ఆ తూట్లలోంచి ఒకరినొకరు చూసుకుని ఇకిలిస్తున్నారు.

"మీ నాయనను అడిగే తెచ్చావా?"

"పాతవి సార్. అటక మీద ఊరికే పడుండాయి" అంది ఈశ్వరి.

సారు అడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఒకటి. అంతలో గంట కొట్టారు.

సాయంత్రం ఈశ్వరి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఆదెప్ప కూర్చుని ఉన్నాడు. ఆయనది ధర్మవరం. మగ్గాలవాళ్లకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే శావుకారు. వానల్లేక, కొనేవాళ్లు లేక, రెండు నెలలుగా ఆయన ఈ వీధిలోకి రాలేదు. మగ్గం ఖాళీగా పడి ఉంది. అమ్మ, నాయన కరువు పనికి పోయి రోడ్డుకు రాళ్లు మోస్తున్నారు.

"ఏమప్పా గంగాధరప్పా, మీ నాయన కాలంలో నేసిన హంసల అంచు అట్టలు ఉండాయా, పొయ్యిలో పెట్టినారా?" అని అడిగాడు ఆదెప్ప.

"ఎంత మాటన్నా! భద్రంగా అటక మీద ఉండాయి."

"అనంతపురంలో ఒక పెద్దామె తన పాతచీర చూపించి, మనవరాలి పెండ్లికి అదే అంచు కావల్లంటాంది. నీ కాడ లేదంటే చెప్పు. వేరే అంచు వేయించి ఇంకో మగ్గానికి ఇస్తా."

"వద్దన్నా, వద్దు. ఒక్క అట్ట గూడా పోలేదు. పట్టు పంపించు. పడుగు సరిజేసుకుని సోమవారం మొదలుపెడతా."

గడపలో నిలబడి ఈశ్వరి అంతా విన్నది. ఆమె బడికి తీసుకుపోయినవి ఆ అట్టలే. ఆమె వేలికి ఇంకా సిరా మరక ఉంది.

ఆదెప్ప పోయాక నాయన తన చేతులను చూసుకున్నాడు. రాళ్లు మోసి వేళ్లు పగిలి మొరటుగా ఉన్నాయి. అలాంటి వేళ్లకు పట్టుపోగు తగులుకుని తెగుతుంది. అమ్మ గిన్నెలో ఆముదం తెచ్చి పక్కన పెట్టింది. నాయన ఒక్కో వేలికీ ఓపిగ్గా రాసుకున్నాడు. రెండు నెలల తర్వాత ఆయన మొహంలో నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూసి ఈశ్వరి సిరా మరక ఉన్న వేలిని పిడికిట్లో దాచుకుంది.

మరునాడు బళ్లో అందరి దగ్గరికీ పోయింది.

"అట్టలు ఇచ్చేయండప్పా. మా ఇంట్లో కావల్లంట."

"ఇచ్చింది మళ్లీ అడిగితే చేతికి కురుపు లేస్తుంది మే!" అన్నారు పిల్లలు.

"లేస్తే లేస్తుందిలే. ఇయ్యండి."

ఓబన్న తన అట్టను వీపు వెనక దాచుకున్నాడు. "నాది ఫైట్. కావాలంటే ఫైట్ చేసి తీసుకో."

చివరికి రెండు చింతపండు ఉండలకు ఒప్పుకున్నాడు. ఈశ్వరి అట్టతో కలిపి ఇరవై ఒకటి చేరాయి. మారెక్క ఆ రోజు బడికి రాలేదు.

బడి వదలగానే ఈశ్వరి ఊరి చివరికి నడిచింది. మారెక్క నాయన తిమ్మప్ప గొర్రెలు, మేకలు కాస్తాడు. ఊళ్లోకి కరెంటు వచ్చి రెండేండ్లయినా ఆ గుడిసెల దాకా తీగ రాలేదు. మారెక్క వాకిట్లో తమ్ముణ్ణి చంకనెత్తుకుని ఉంది. ఈశ్వరిని చూడగానే ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి.

"మే ఈశ్వరీ, నా లైట్‌ను మేక మేసేసింది!"

"ఏం?"

"తలుపు పక్కన కప్పులో దోపినాను. వచ్చేటప్పుడు పోయేటప్పుడు చదువుకోవచ్చని. పొద్దున చూస్తే ఈ తునక మిగిలింది." మారెక్క ఓణీ కొంగులో ముడి విప్పింది. బొటనవేలంత అట్టముక్క. దాని మీద పాతసిరాతో వేసిన అంకె, పదిహేడు.

గుంజకు కట్టిన నల్లమేక ఏమీ ఎరగనట్టు నెమరేస్తోంది. దాని డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"దాన్ని తిట్టొద్దు మే. యాడా ఆకు దొరకడం ల్యా. కనబడిందల్లా నముల్తాంది" అంది మారెక్క. తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, "మీ నాయన కొడతాడా? నేనొచ్చి చెప్పనా, మా మేకదే తప్పని?" అని అడిగింది.

"వద్దులే" అంది ఈశ్వరి. ఆ ముక్కను జేబులో వేసుకుని గబగబా నడిచింది. మారెక్క తప్పేమీ లేదు. అయినా వచ్చి చెప్తానంటోంది. ఆ మాట దారి పొడుగునా ఈశ్వరి వెంట వచ్చింది.

ఆదివారం అమ్మా నాయనా పడుగు సరిజేయడానికి వీధిలోకి పోయాక ఈశ్వరి అటకెక్కింది. అట్టలకు వరసగా అంకెలు ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... ఆ వరసలోనే అంచులు కలిపి దారంతో కుట్టింది. పదహారు తర్వాత చెయ్యి ఆగింది. పదిహేడో అట్ట ఆమెకు బాగా గుర్తుంది. దానికి నాలుగే నాలుగు తూట్లు. మిగతాదంతా తెల్లగా ఉండేది. మారెక్క అక్షరాలు పెద్దవని అది ఏరి ఆమెకిచ్చింది.

'నాలుగు తూట్లే గదా. ఎవరికి తెలుస్తుంది?' అనుకుంది. పదహారును పద్దెనిమిదితో కలిపి కుట్టేసింది. కట్ట ముందులాగే ఉంది.

ఆ పూట అమ్మ పెట్టిన రాగిసంకటిని ఆమె సగం వదిలేసి చెయ్యి కడుక్కుంది.

సోమవారం తెల్లవారింది. అమ్మ సుబ్బలక్ష్మమ్మ మగ్గానికి బొట్టు పెట్టి సాంబ్రాణి వేసింది. నాయన కట్టను దించి దుమ్ము ఊదాడు. మాలలా విప్పి మగ్గం మీది జకార్డు పెట్టెకు తగిలించాడు. కాలితో తొక్కినప్పుడల్లా ఒక్కో అట్ట తిరుగుతుంది. తూటు ఉన్నచోట పోగు పైకి లేస్తుంది. లేనిచోట కిందనే ఉండిపోతుంది. అలా ఒక్కో అట్టకు అంచులో ఒక్కో వరస పడుతుంది.

"ఇదేంది, వీటి మీద ఇంగ్లీషు రాతలుండాయి?" అన్నాడు నాయన. తలెత్తి ఈశ్వరిని చూశాడు.

"బడి కోసం... నేనే రాసుకున్నా" అంది ఈశ్వరి నేల చూస్తూ.

"రాస్తే రాసినావులే. అట్టలకేం కాదు."

"లెక్క చూసుకోవా?" అని అడిగింది అమ్మ.

"మా నాయన కట్టిన కట్ట. మన ఇంట్లో ఎవరు తీస్తారు?" అన్నాడాయన. మగ్గం గుంటలో కూర్చుని, అడ్డపోగును నడిపే నాడెను చేతిలోకి తీసుకున్నాడు. ఆముదంతో మెత్తబడిన వేళ్లను శుభ్రంగా తుడుచుకున్నాడు. కాలు పైకెత్తాడు.

"నాయనా, తొక్కొద్దు!"

కాలు గాల్లోనే ఆగింది.

"ఒక అట్ట లేదు. పదిహేడోది. నేనే... అడక్కుండా ఇరవై రెండు తీసుకుపోయినా. బళ్లో పంచినా. అన్నీ వచ్చినాయి. అదొక్కటే రాలేదు. నేను దాన్ని వదిలేసి కుట్టేసినా." ఈశ్వరి అరచెయ్యి తెరిచి అట్టముక్కను చూపించింది.

"మిగిలింది యాడుండాది?"

"మారెక్కోళ్ల మేక కడుపులో."

అమ్మకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అడిగింటే ఇచ్చేటోడు గదమే మీ నాయన! చెడిపోయిన అట్టలు బస్తాడుండాయి గదా!"

నాయన నవ్వలేదు, కసరలేదు. ఆ ముక్కను తీసుకుని దాని మీది అంకె చూశాడు. 

"నాలుగు తూట్లది" అన్నాడు. "పోగులు ఊరుకుండే వరస. అవి ఊరుకుంటేనే హంసకు మెడ వంపు తిరిగేది. ఇది లేకుంటే ప్రతి హంసా మెడ విరిగినట్టు కనపడుతుండె. చీర అయిపోయినాక అనంతపురంలో ఆ పెద్దామె చూస్తుండె."

ఈశ్వరి కండ్లు తుడుచుకుంది.

"ఏడిస్తే పోగులు కనపడవు. సూది పట్టుకుని రా" అన్నాడు నాయన.

ట్రంకు పెట్టె అడుగు నుంచి అరచేయంత పాత అంచుముక్క తీశాడు. తాత నేసింది. హంస మెడ దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఈశ్వరి సూదిమొనతో ఒక్కో పోగునూ పక్కకు జరుపుతూ ఎక్కడ పోగు లేచిందో, ఎక్కడ లేవలేదో చెప్పింది. రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ నాయన మొదటి నుంచి చెప్పమన్నాడు. బడి గంట వినిపించింది. ఆమె లేవలేదు. చివరికి నాయన కొత్త అట్ట మీద ఉలి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. నాలుగు తూట్లు.

పదహారుకు, పద్దెనిమిదికి మధ్య దాన్ని ఈశ్వరి చేతనే కుట్టించాడు. ఆ తర్వాత మొత్తం కట్టను ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు.

మగ్గం కదిలింది. రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో టకటకమని నాడె చప్పుడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే కండెలకు పట్టు చుడుతోంది. మగ్గం పక్కన ఒక్కో అట్టా తిరిగి కిందికి వస్తోంది. ఒక్కోదాని మీద ఒక్కో పిల్లవాడి చేతిరాత.

"ఇదేం మాట పాపా?" అని అడిగాడు నాయన, నాడె ఆపకుండానే.

"నైట్. రాత్రి."

"ఇది?"

"ఫైట్. పోట్లాట. ఓబన్నది."

"దీనికి మీసాలు గూడా గీసినాడే వాడు!"

"ఇది బ్రైట్ నాయనా. బాగా వెలిగేది."

"బ్రైట్" అన్నాడు నాయన మెల్లగా, కొత్త పోగును వేళ్ల మధ్య చూసుకున్నట్టు. "అన్నిటికీ తోక ఒకటే ఉందే!"

"అవును. నాలుగక్షరాలు. మధ్యలో రెండు పలకవు."

అంచులో హంస రొమ్ము కనబడింది. మెడ మొదలైంది. పదిహేడో అట్ట వచ్చింది. అది తెల్లగా ఉంది.

"దీని మీద ఏమీ లేదే?"

"అది మారెక్కది. లైట్. వెలుతురు."

పక్కనే కిటికీలో ఆమె పెన్సిలు ఉంది. ఈశ్వరి చెయ్యి చాచింది. అందుకోబోయి ఆగింది.

"నాయనా, దీని మీద రాయొచ్చా?"

గంగాధరప్ప ఆ ఆగిన చెయ్యి వైపు చూశాడు. "రాయి. తూట్లకు తగలకుండా."

"నేను గాదు. మారెక్కను పిలుచుకొచ్చేదా? ఈపొద్దు గూడా తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటికాడే ఉంటాది."

"పిలుచుకుని రా పో. మేకను మాత్రం కట్టేసి రమ్మను" అన్నాడు నాయన. ఈసారి అమ్మ కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

ఈశ్వరి వీధిలోకి పరిగెత్తింది. గంగాధరప్ప పదిహేడో అట్టను దాటిపోనివ్వలేదు. నాడెను పక్కన పెట్టి, ఇద్దరు పిల్లలూ వచ్చేదాకా గడప వైపు చూస్తూ కూర్చున్నాడు.