పళ్ళ డాక్టరు గారి బీరువా

ఒకరి ప్రేమ వ్యవహారంలో వేలు పెట్టే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు. కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి. రాయిలా కూర్చుంటాను, చూస్తాను, నోరు విప్పను. అందుకే ఈ కథ చెప్పడానికి నాకంటే యోగ్యుడు లేడు.

మా మనవడు పళ్ళ డాక్టరు. చేతిపని బంగారం. ఒంటి మీది బట్టలు మాత్రం సర్కస్ డేరా. చిలకల చొక్కాలు, కొబ్బరిచెట్ల చొక్కాలు, ఒకదాని మీద ఏకంగా పులి. ఆ పులిని చూసి మా వీధి కుక్కలన్నీ మూటాముల్లె సర్దుకుని వేరే పేటకు వలస పోయాయి. "నోరు తెరవండి" అని వాడు ఏ పేషెంటుకూ చెప్పిన పాపాన పోలేదు. గదిలోకి అడుగు పెట్టగానే చొక్కా చూసి వాళ్ళే తెరిచేవాళ్ళు.

"ఎందుకురా ఇన్ని?" అని అడిగితే, "పొద్దున్నుంచీ నొప్పితో ముడుచుకున్న మొహాలే చూస్తాను తాతయ్యా. ఇంటికొచ్చే దారిలో ఒక చొక్కా కొనుక్కుంటే ప్రాణం లేచొస్తుంది" అనేవాడు.

ప్రాణం లేచొచ్చి, లేచొచ్చి, బీరువా తలుపు మూతపడటం మానేసింది. మా కోడలు దానికి కుర్చీ అడ్డం పెట్టింది. చివరికి ఎవరో చెప్పగా, ఇళ్ళకు వచ్చి బీరువాలు సర్దిపెట్టే ఒకమ్మాయిని పిలిపించింది.

ఆ పిల్ల ముదురు నీలం చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, చేతికి తోలు పట్టీ వాచీ పెట్టుకుని వచ్చింది. ఇంకేమీ లేదు. అయినా గుమ్మంలో నిలబడితే, ఆ నీలం రంగును ఈమె కోసమే కనిపెట్టి, మిగిలింది ఆకాశానికిచ్చారేమో అనిపించింది. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ఆ నీలమో, ఒక మీగడ రంగో, అంతే. నాకు ఒక్కసారీ పాతగా కనిపించలేదు.

వచ్చీ రాగానే కుర్చీ పక్కకు లాగింది. నేను "అమ్మాయ్, ఆగు!" అనేలోపే బీరువా కక్కేసింది. బట్టల కొండ కింద పిల్ల మాయమైంది. వాచీ ఉన్న చెయ్యి ఒక్కటే పైకి కనిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే మావాడు ఆసుపత్రి నుంచి వచ్చాడు.

"అయ్యో, నా బట్టలు!"

"వీటి కింద ఒక మనిషి కూడా ఉందండీ!" అంది కొండ.

వాడు కంగారుగా వంగి లాగాడు. మొదట వచ్చింది చిలకల చొక్కా. దాన్ని దులిపి, మడత పెట్టి, పక్కన పెట్టి, అప్పుడు ఆ పిల్లకు చెయ్యి అందించాడు.

"చిలకలకేం దెబ్బ తగల్లేదు కదా?" అంది ఆమె జుట్టు సవరించుకుంటూ.

"లేదండీ" అన్నాడు మా అమాయకుడు.

ఆ పిల్ల పనితనం చూసి తీరాలి. "ఇది మీకిష్టమా?" అని ఒక్కసారీ అడగలేదు. నిలువుటద్దాన్ని గోడవైపు తిప్పేసింది.

"అద్దం ముందు అందరూ బొమ్మలాగే నిలబడతారు డాక్టర్ గారూ. మీ పని నిలబడి చేసేది కాదుగా, వంగి చేసేది. తాతగారూ, మీరొచ్చి ఈ కుర్చీలో వెనక్కి వాలండి. నోరు తెరవండి."

తెరిచాను. మావాడు ఒక్కో చొక్కా తొడుక్కోవడం, నా నోట్లోకి వంగడం. ఒకదాని చంక పిగిలింది. ఒకదాని మెడ పట్టేసింది. కొబ్బరిచెట్ల చొక్కా చేతి కుచ్చులు నేరుగా నా నాలుక మీదికి వచ్చాయి. పక్కన నిలబడి ఆ పిల్ల ఒక్కోదానికీ తల అడ్డంగా ఊపుతూ, కుప్పలో వేస్తూ పోయింది. ఆ కుప్ప పాతబట్టలు తీసుకెళ్ళే సంస్థకు.

అట్టడుగున మడత విప్పని తెల్లటి నూలు చొక్కా ఒకటి దొరికింది. వాడు తొడుక్కుని వంగాడు, నా పళ్ళు చూశాడు, చూస్తూనే ఉన్నాడు.

"ఎలా ఉంది?" అంది ఆమె.

"కింది దవడలో ఒకటి పుచ్చింది."

"నేనడిగింది చొక్కా సంగతి!"

"ఏ చొక్కా?"

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అదీ! ఒంటి మీద ఉన్నట్టు గుర్తు రాకూడదు. ఇది ఉంచండి."

అలా తెలుపు, బూడిద, లేత నీలం కొన్ని మిగిలాయి. చిలకల చొక్కా దగ్గర వాడు ఏడుపు మొహం పెట్టాడు. "సరే, సెలవు రోజుకి ఇదీ ఉండనివ్వండి" అంది. "తగ్గించుకోవడమంటే మిమ్మల్ని మీరు చెరిపేసుకోవడం కాదు కదా." ఆ మాటకు నేను కుర్చీలోంచి లేచి శభాష్ అందామనుకున్నాను. నోరు ఇంకా తెరిచే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

బీరువాలో సగం ఖాళీ అయింది. తెల్ల చొక్కాలో వాడిని చూస్తే, ఇన్నాళ్ళూ రంగుల వెనకాల ఇంత మంచి కళ్ళున్నాయా అనిపించింది. వాడి పేషెంటు ఒకావిడ "పెళ్ళి కుదిరిందా డాక్టర్ గారూ?" అని అడిగిందట.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల అంది: "మళ్ళీ నిండితే పిలవండి. నిండకపోతే నా పని నిలబడినట్టు."

వాడు గేటు దాకా వెళ్ళి, ఆమె మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడ్డాడు. ఆ వారమంతా అన్నం కెలికాడు. రోజూ బీరువా తీసి ఆ ఖాళీకేసి చూడటం, మూసెయ్యడం.

"ఏరా, ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఏమని చెయ్యను తాతయ్యా? బీరువా బాగానే ఉందిగా."

"అయితే నింపు!" అన్నాను.

వేలు పెట్టలేదన్నానే, అది నిజమే. భుజం దాకా చెయ్యే పెట్టాను. వాడి కాంపౌండరు చొక్కాలు, పక్కింటి లాయరు గారి కోట్లు, ఎదురింటి డ్రైవరు యూనిఫారం, చివరికి నా ఉన్ని స్వెట్టర్లు కూడా దగ్గరుండి సర్దించాను. ఆమె వచ్చింది. కోట్లూ యూనిఫారమూ కూడా వీడి కొత్త సరదాలే అనుకుని, నవ్వుతూ అన్నీ ఖాళీ చేసి, మూట కట్టి, "వీటిని మీరే ఇచ్చెయ్యండి, చెయ్యి అలవాటు పడాలి" అని వెళ్ళింది. మూట అలాగే ఉంచి, కొన్నాళ్ళకు అవే మళ్ళీ నింపాం. మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వు తగ్గింది. ఆ మార్పు నాకు కనిపించింది కానీ, మావాడికి ఆమె వచ్చిందన్న సంబరంలో ఏదీ కనిపించలేదు.

మూడోసారి తలుపు తీసి ఆ పిల్ల ఏమీ ముట్టుకోలేదు. మంచం అంచున కూర్చుంది.

"నా వల్ల కావట్లేదు డాక్టర్ గారూ. నేను సర్దిన బీరువా ఒక్క నెల కూడా నిలవట్లేదంటే తప్పు మీది కాదు, నాది. మా నాన్న ఎప్పట్నుంచో బట్టల షోరూములో ఉద్యోగం చూసిపెట్టారు. రేపు వెళ్ళి ఒప్పుకుంటున్నాను. అక్కడ అమ్మితే చాలు, తీసెయ్యక్కర్లేదు."

గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఒక చొక్కాను అనవసరంగా మడిచి విప్పుతున్నాయి.

నేను వాడి కాలు తొక్కాను. వాడు గుడ్లు మిటకరించాడు. ఆమె లేచి, గొడుగు తీసుకుని మెట్లు దిగేసింది. బయట చినుకులు మొదలయ్యాయి. అప్పుడు కదిలాడు మహానుభావుడు, చేతికందిన బట్టలన్నీ కౌగిలించుకుని, వానలో ఆమె వెనకాల పరుగు.

"ఇవి నావి కావు!"

ఆమె ఆగింది. "ఏంటి?"

"ఇది కాంపౌండరుది. ఈ కోటు లాయరు గారిది. ఇది మా తాతయ్య స్వెట్టరు. మీరు మొదటిసారి తీసేసిన నా చొక్కాల్లో ఒక్కటీ మళ్ళీ రాలేదు. నావన్నీ ఆసుపత్రిలో సొరుగులో ఉన్నాయి, మీరు నేర్పిన మడతలోనే. మీ పని నిలబడిందండీ!"

"మరి ఇదంతా ఎందుకు?"

"నిండితేనే వస్తానన్నారుగా."

అంతే, ఆ పిల్ల విరుచుకుపడింది.

"సిగ్గుందా మీకు? నాకు పని రాదనుకున్నాను! వేరే ఇళ్ళవాళ్ళు పిలిచినా వెళ్ళలేదు, అక్కడా ఇంతేనేమోనని భయపడి! ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదా!"

"పన్ను పీకమంటే పీకుతాను గానీ, ఆ మాట అడగడానికి ధైర్యం చాల్లేదు."

"అలాగా? అయితే పదండి. ఎవరివి వాళ్ళకిచ్చి రండి. ఎందుకు తీసుకున్నారో కూడా చెప్పాలి. నేను పక్కనే ఉంటాను."

ఇంటింటికీ బయల్దేరారు. ఆమె గొడుగులో, వాడు వానలో, నాలుగడుగుల వెనక నా గొడుగులో నేను. కాంపౌండరు గుమ్మంలో వాడి గొంతు పీలగా వచ్చింది: "ఈ అమ్మాయి మా ఇంటికి రావాలని తీసుకున్నా." డ్రైవరు గుమ్మంలో కాస్త గట్టిగా. లాయరు గారి వరండా చేరేసరికి వాడి గొంతు వీధి చివరి దాకా వినిపించింది: "ఈమంటే నాకిష్టం సార్, అందుకే మీ కోటు తీసుకున్నా!" కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

లాయరు గారు కోటు పిండుకుంటూ, "అమ్మాయ్, ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. తీర్పు నీదే" అన్నారు.

ఆమె అప్పుడు గొడుగు వాడి మీదికి జరిపి అంది: "ఎన్నో ఇళ్ళలో ఎన్నో తీసి పక్కన పెట్టాను. పక్కన పెట్టడానికి మనసు రానిది మిమ్మల్నొక్కరినే."

తడిసి ముద్దయిన ఇద్దరినీ చూసి మా కోడలు లోపలికి పరిగెత్తింది. రెండు తువ్వాళ్ళు తెచ్చింది. ఆ పిల్ల తల తుడుచుకుంటూ అంది: "సగం బీరువా ఖాళీగానే ఉందమ్మా. అది అలాగే ఉంచమని నేనే చెప్పాను ఈయనకి. నా రెండు రంగుల బట్టలకీ అది చాలు."

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి నా కల్పన. వాన అనుకుంటున్నారా? వాన నిజమే, నా స్వెట్టరు ఇంకా ఆరలేదు. గొడుగు కింద ఆమె ఆ మాట అన్నదని చెప్పానే, అది నేనల్లింది. నిజానికి ఆ పిల్ల ఏమీ అనలేదు. వాడి చొక్కా మెడ ఒకవైపు లోపలికి మడతపడి ఉంటే, దాన్ని పైకి తీసి సరిచేసింది. సరిగ్గా కుదిరాక కూడా చెయ్యి అక్కడే ఉంచేసింది.