అమ్మ అడిగిన గది

“గడియ పెట్టించమంటే పెట్టించవేమే? తలుపు వారగా వేసుకుని స్నానం చెయ్యాల్సిన గతి నాకేంటి?”

“లోపల పడిపోతే తలుపు పగలగొట్టాలా అమ్మా? మళ్లీ మళ్లీ అదే మాట! నీతో వేగలేకపోతున్నాను!”

పొద్దున కాఫీతో మొదలైన గొడవ మధ్యాహ్నమైనా తెగలేదు. తల్లి ఒకప్పుడు ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. ఆమె గొంతు వింటే మేడ మీది నుంచి కింద దాకా అల్లరి సద్దుమణిగేది. అలాంటి మనిషి కళ్లు తిరిగి స్నానాలగదిలో జారిపడిందని కూతురే లోపలి గడియ ఊడదీయించింది. అంతటితో ఆగలేదు. కింద కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉండుండి “అమ్మా!” అని కేకేసేది. పైనుంచి “ఉన్నా!” అని జవాబు రావాలి. బస్సు డ్రైవరైన భర్త నవ్వేవాడు, “మా డిపోలో కూడా ఇన్నిసార్లు హాజరు వెయ్యరు అత్తయ్యా!” అని.

ఆ మధ్యాహ్నం ఒకావిడకు జాకెట్టు కొలతలు తీస్తూ కూతురు కేకేసింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది... ఊహూఁ! చేతిలో టేపు చేతిలోనే ఉంది, ఆవిడను అలాగే నిలబెట్టేసి మెట్లెక్కింది. తడబడి జారి, కుడిచెయ్యి కింద పడేలా కూలబడింది. పైన గుమ్మంలో తల్లి నిక్షేపంగా నిలబడి ఉంది! అలిగి పలకలేదంతే. కింద పడున్న కూతుర్ని చూసి “అయ్యో, నా తల్లీ!” అని చేతికర్ర వదిలేసి గోడ పట్టుకుంది.

మణికట్టు విరిగింది. కుట్టే చేతికి కట్టు పడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక తల్లి కంచం తెచ్చుకుని కూతురి ఎదురుగా కూర్చుంది. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. ఎన్నేళ్లయిందో ఆ చేతి ముద్ద తిని! కూతురి కళ్లు నిండిపోయాయి.

“తప్పు నాదేనే. కానీ ఇవాళ ఒక మాట చెప్పనీ. మన వీధి చివర పెద్దవాళ్లుండే హోమ్ ఉంది చూడు, నేను అక్కడికి వెళ్తాను.”

“నన్ను చంపేసి వెళ్లు! కన్నతల్లిని గెంటేసిందంటారు నన్ను. నీకేం తక్కువ చేశానమ్మా?”

“ఎక్కువ చేస్తున్నావు, అదే బాధ! నన్ను లేవదీసినప్పుడల్లా నడుం పట్టుకుని, మూలుగు మింగేసి నవ్వుతావు. నేను చూడట్లేదనుకున్నావా? మాటిమాటికీ లేచి వెళ్లడానికి నిన్ను పిలవాల్సొస్తుందని దాహమేసినా నీళ్లు తాగడం మానేశాను...”

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నీళ్లు తాగడం లేదా! అందుకేనా ఆ కళ్లు తిరగడం, ఆ పడిపోవడం! తాను గడియ ఊడదీయించింది, కేకలేసింది, కళ్లలో వత్తులేసుకుని కాపలా కాసింది... అమ్మేమో తనకు శ్రమవుతుందని గొంతు ఎండబెట్టుకుంది. “ఎంత పని చేశావమ్మా!” అంటూ కూతురు వెక్కివెక్కి ఏడ్చింది.

తల్లి కొంగుతో ఆ కన్నీళ్లు తుడిచింది. “హాస్టల్లో పిల్లల్ని దింపి గేటు దగ్గర ఏడ్చే తల్లుల్ని ఎందర్ని చూశాను! వాళ్లు పిల్లల్ని పారేసి వెళ్లారా? అక్కడ నన్ను లేవదీసేవాళ్లకు అది ఉద్యోగం. ఒకరు అలిసిపోతే ఇంకొకరు వస్తారు. నువ్వు ఎవర్ని పిలుస్తావు చెప్పు? నాకు ఆయా అక్కడ దొరుకుతుంది. కూతురివి నువ్వొక్కదానివే.”

మర్నాడు సాయంత్రం కూతురు తల్లితో కలిసి ఆ హోమ్‌కు నడిచింది. గోడల పొడవునా పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. భోజనాల గదిలో ఇద్దరు ముసలమ్మలు కిటికీ పక్క కుర్చీ కోసం పోట్లాడుకుంటున్నారు. తల్లి కాసేపు చూసి, కర్ర నేలకేసి కొట్టి, “ఇవాళ ఈవిడ, రేపు ఆవిడ! ఇంతోటి దానికి రభసా?” అంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు! తర్వాత ఆ ఇద్దరే ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని కబుర్లలో పడ్డారు. తల్లి అడిగి మరీ గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగింది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూతురు చూపు తిప్పుకోలేదు.

సంగతి తెలిసి కూతురి అన్నయ్య ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు.

“పరువు తీస్తున్నారు! నేను లేనా? నా ఇంటికి తీసుకుపోతాను!” అని మండిపడ్డాడు.

“మీ ఆలుమగలు ఆఫీసులకు పోతే సాయంత్రం దాకా నేను ఫ్రిజ్‌తో మాట్లాడుకోనా నాన్నా?” అంది తల్లి.

కూతురి భర్త నవ్వాపుకోలేక తల దించుకున్నాడు. అన్నయ్య మాత్రం చెల్లెలి వైపు తిరిగాడు. “నువ్వేమంటావ్? అసలు పంపుతున్నది నువ్వేగా!”

కూతురు తల్లి ముఖం వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆ మాటకే భయపడింది. ఇప్పుడు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఎడంచేత్తో అన్న కంచంలో కూర వడ్డించి నెమ్మదిగా చెప్పింది.

“అమ్మ వెళ్తానంది అన్నయ్యా, నేను సరేనన్నాను. గది కూడా చూసొచ్చాం, ఎండ బాగా వస్తుంది. ఆదివారం పొద్దున్నే దింపి వస్తాం. నువ్వూ రా, పెట్టె మొయ్యాలి.”