బావి దగ్గర దిగిన ఫోటో

వెనిస్‌లో ఓ బావి ఉందట. చీకటి పడే వేళ దాని దగ్గర ఎవరూ ఫోటో దిగరట.

ఊరంతా నీళ్ళే, వీధులన్నీ కాలవలే అయినచోట మళ్ళీ బావేమిటని అడక్కండి. రవికిరణ్ కూడా అదే అడిగాడు. పాతకాలంలో తాగే నీళ్ళ కోసం వాడవాడకీ ఒకటి కట్టుకున్నారు. నడుమెత్తు రాతి గట్టు, దాని మీద ఇనప మూత. మిగతా బావుల దగ్గర జనం ఎగబడి ఫోటోలు దిగుతారు. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం... పొద్దుగూకితే పిల్లులు కూడా పక్క సందులోంచి చుట్టు తిరిగి పోతాయట.

ఇదంతా రవికిరణ్ చెప్పగా విన్నదే. చెప్పేటప్పుడు అతను ఉప్పూ కారం కాస్త ఎక్కువే వేస్తాడు. మనమే తగ్గించుకుని వినాలి.

అతనిది తెనాలి. మాదాపూర్ బండరాళ్ళ మధ్య కొత్తగా లేచిన గుండ్రటి బిల్డింగులో ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు మర్చిపోతాయని లోకమంతా బెంగపడిన రోజులవి. ఆ బెంగ తీర్చి రమ్మని కంపెనీ అతన్ని మిలాన్ పంపింది. అప్పటికే చందానగర్ కామేశ్వరరావుగారి అమ్మాయి సంయుక్తతో సంబంధం కుదిరింది. తిరిగి రాగానే ముహూర్తం. ఈలోగా కుర్రాడు చెయ్యాల్సిందల్లా నాలుగు మంచి ఫోటోలు తేవడం. ఇటలీ వెళ్ళొచ్చిన అల్లుడి ఆల్బం బంధువుల ఇళ్ళన్నీ తిరగాలి మరి.

కెమెరా రూమ్మేట్ మధుకర్‌ది. దానికి పచ్చ రంగు పట్టీ, దూరం నుంచి కూడా కనపడేంత పచ్చ. ఫిల్ము రోళ్ళు ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక ఉండేవి. చల్లగా ఉంటే పాడవవని మధుకర్ నమ్మకం. అక్కడున్న డబ్బాలు రెండూ జేబులో వేసుకుని రవికిరణ్ విమానమెక్కాడు.

ఓ శనివారం మిలాన్‌లో రైలెక్కి వెనిస్‌లో దిగాడు. దిగిన దగ్గర్నుంచీ నొక్కడమే నొక్కడం. పడవ. పడవవాడి చారల చొక్కా. వంతెన, వంతెన మీద పావురం. చర్చి ముందు తను, తనకి అడ్డొచ్చిన ఎవరో పెద్దమనిషి తల. సాయంత్రానికి మొదటి రోలు అయిపోయింది.

బస ఇచ్చిన ముసలావిడ తాళంచెవి చేతిలో పెడుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో గొంతు తగ్గించింది.

"వెనక వాకిట్లో బావి... ఫోటో వద్దు."

"ఎందుకండీ?"

"ఒకావిడ... నీళ్ళకొచ్చింది. తిరిగి వెళ్ళలేదు. ఫోటో తీస్తే... వెంట వస్తుంది."

హైదరాబాద్ దాకా రావాలంటే టికెట్ ఎవరు కొంటారో అనుకుని రవికిరణ్ నవ్వుకున్నాడు. నవ్వి ఊరుకోవచ్చుగా. ఊరుకుంటే రవికిరణ్ ఎలా అవుతాడు.

వాకిలి చిన్నది. చుట్టూ మూసిన కిటికీలు. గోడకి ఒకే ఒక్క దీపం. నడుమ బావి. పూర్తిగా చీకటి పడలేదు, అలాగని వెలుతురూ లేదు...

రెండో రోలు ఎక్కించాడు. తీసిపెట్టేవాళ్ళెవరూ లేరు. కెమెరాని బావి మూత మీద పెట్టి, దానంతటదే తీసుకునే మీట నొక్కి, పరిగెత్తి గోడ దగ్గర దీపం కింద నిలబడ్డాడు. కెమెరా ముందు ఎర్రచుక్క వెలుగుతోంది... ఆరుతోంది...

మొహానికి నవ్వు పులుముకున్నాడు.

అప్పుడు — వెనక నుంచి కాదు, ఎదురుగానే — బావికి అవతల, తడికాళ్ళతో ఎవరో నడిచినట్టు...

టప్... టప్...

క్లిక్.

కెమెరా ఎలా లాక్కున్నాడో, గది తలుపు ఎలా వేసుకున్నాడో అతనికి గుర్తు లేదు. ఆ రాత్రి లైటు మాత్రం ఆర్పలేదు.

మాదాపూర్ వచ్చాక రోళ్ళు కడిగించాడు. స్టూడియో మెట్ల మీదే కవరు చింపాడు. పడవలు బావున్నాయి. పావురం ఇంకా బావుంది. ఆ తరవాత... బావి.

బావి బావిలాగే ఉంది. దాని వెనక గోడ దగ్గర పళ్ళికిలిస్తూ తను. తన పక్కన — ఓ ఆడమనిషి. ఆమెలోంచి గోడ ఇటుకలు కనపడుతున్నాయి. నెత్తిన కుండ. ముందుకి చాచిన చెయ్యి సరిగ్గా రవికిరణ్ భుజం మీద ఉంది. ఆమె వెనక ఆకాశమంత ఎత్తున ఏదో గుండ్రటి నీడ.

నీళ్ళకొచ్చిన మనిషి. కుండతో సహా.

మధుకర్ చెల్లెలి పెళ్ళికని పుప్పాలగూడ వెళ్ళి ఉన్నాడు. చెప్పుకోవడానికి మనిషి లేడు. రవికిరణ్ ఆ ఫోటోని వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపి, అంతా ఆయన చూసుకుంటాడని రోజూ పటానికి ఎదురుగానే పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే కామేశ్వరరావుగారు తల్లి అనసూయమ్మగారినీ, సంయుక్తనీ వెంటబెట్టుకుని దిగారు. ముహూర్తం ఖాయం చేసుకుందామని, పనిలోపని ఆల్బం చూద్దామని. వచ్చీ రాగానే అనసూయమ్మగారు పటానికి దణ్ణం పెట్టి, కొప్పులో పువ్వు తీసి చట్రానికి దోపారు. ఫోటో జారి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

"ఎవరు నాయనా, ఈ ఆడమనిషి?"

కామేశ్వరరావుగారు వంగి ఫోటో తీశారు. చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"బాబూ... అక్కడ స్నేహితులెవరైనా...?"

"అబ్బే, లేదండీ. దెయ్యమండీ."

ఆయన మొహంలో ఎంత నిశ్చింత కనపడిందో చెప్పలేం. రవికిరణ్ అంతా చెప్పేశాడు. ముసలావిడ మాట, మూత మీద కెమెరా, టప్ టప్ అడుగులు, ఏదీ దాచలేదు.

"దెయ్యమైతే పరవాలేదురా కామేశం," అన్నారు అనసూయమ్మగారు. "శాంతి చేయిస్తే పోతుంది. మనిషైతేనే మనవల్ల కాదు."

రవికిరణ్ ఊపిరి పీల్చుకోబోయాడు.

"కానీ భుజం మీద చెయ్యేసింది. ముందు దాన్ని వదిలించుకో నాయనా. అది వెంట ఉండగా మా పిల్లనివ్వం. ముహూర్తం సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

సంయుక్త తండ్రి చేతిలోంచి ఫోటో అందుకుంది. ఇక దాన్ని కింద పెట్టడం లేదు.

అప్పుడే మెట్ల మీద...

టప్... టప్... టప్...

తడికాళ్ళు.

తలుపు దానంతటదే తెరుచుకున్నట్టయింది. గుమ్మంలో — నెత్తిన కుండ. ముందుకి చాచిన చెయ్యి. అదే మొహం.

రవికిరణ్ మంచం వెనక్కి వెళ్ళిపోయాడు. కామేశ్వరరావుగారు తల్లి వెనక్కి వెళ్ళారు. అనసూయమ్మగారు వెళ్ళడానికి వెనక చోటు లేదు.

"ఏంది గిట్ల చూస్తున్నరు?" అంది ఆ మనిషి. "గిన్నె ఇయ్యుండ్రి. పెరుగు పోయాల్నా, వద్దా?"

ఆమె వెనక నుంచి, పెళ్ళి లడ్డూల పొట్లంతో మధుకర్ తల దూర్చాడు. "బుచ్చమ్మ కింద నల్ల కాడ కాళ్ళు కడుక్కొని వస్తుంటే కలిసింది. రవీ, మంచం ఎనుక ఏం దేవులాడుతున్నవ్ రా?"

బుచ్చమ్మ చూపు సంయుక్త చేతిలోని ఫోటో మీద పడింది. "అగో, నా ఫోటో. ఎప్పటి సంది అడుగుతున్న మధుకరూ, ఇగ ఇస్తవా అగ ఇస్తవా అని." దగ్గరికొచ్చి కళ్ళు చికిలించింది. "గీ పోరడెవడు, నా చెయ్యి కింద?"

మధుకర్ ఫోటో చూశాడు. ఫ్రిజ్ చూశాడు. రవికిరణ్‌ని చూశాడు.

"పెరుగుగిన్నె ఎనుక రెండు రోళ్ళూ తీస్కపోయినవా? ఒకదాంట్ల బుచ్చమ్మ ఉంది గదరా. గుండ్రం బిల్డింగు ముంగట ఒక్కటే దించి, మళ్ళ ఎన్కకు చుట్టి పెట్టిన."

"ఫిల్ము తోక డబ్బా బయటికుంటే కొత్తదనుకున్నా..."

"తోక లోపటికి పోతే మళ్ళ ఎక్కించనీకి రాదని నేనే ఉంచిన."

ఒకే ఫిల్ము మీద ముందు బుచ్చమ్మ, ఆపైన రవికిరణ్. చెయ్యి చాచింది జర ఆగు, కొంగు సర్దుకోనీ అనట. ఆకాశంలో గుండ్రటి నీడ అతని ఆఫీసేనట. ఇన్ని నెలలు ఆమె పెరుగు తిన్నవాడికి ఆమె మొహం ఎందుకు తెలీదంటారా? ఆమె వచ్చే వేళకి అయ్యగారు ఏనాడైనా లేస్తేగా. ఈవేళ లేచాడంటే అది మామగారి చలవ.

అనసూయమ్మగారు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. శ్రావణంలోనే ముహూర్తం అనేశారు. పెళ్ళికి పెరుగు బుచ్చమ్మదే అని కామేశ్వరరావుగారు ధర కూడా అడక్కుండా చెప్పేశారు. లడ్డూలు అయిపోయాయి.

అందరూ మెట్లు దిగుతున్నారు. సంయుక్త ఒక్కర్తే గుమ్మంలో ఆగింది. ఫోటో ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఏమండీ," అంది మెల్లగా. "కెమెరా ఎక్కడ పెట్టానన్నారు?"

"బావి మూత మీద. చెప్పాగా."

"మరి ఫోటోలో బావి ఎలా పడింది?"

రవికిరణ్ నవ్వబోయాడు. ఫోటో అందుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ ఆడమనిషినే చూశాడు గానీ, బావిని చూడలేదు.

గట్టు మొత్తం పడింది. ఇనప మూత మొత్తం పడింది. మూత మీద, వీపు ఇటు తిప్పుకుని, చిన్నగా నల్లగా... కెమెరా. పచ్చపట్టీ గట్టు మీంచి కిందికి వేలాడుతోంది.

ఫోటోలో అందరూ ఉన్నారు. తీసినవాళ్ళే లేరు.