సీలు తెగిన చప్పుడు

“ఈసారి నీ డ్యూటీ బాత్‌రూమ్‌లో,” అన్నాడు చీఫ్ రెన్విక్ నవ్వకుండా.

ఏజెంట్ ఆర్డిత్ లాసన్ పదిహేనేళ్ల సర్వీసులో చాలా వేషాలే కట్టింది. డోపింగ్ పరీక్షకు వచ్చిన క్రీడాకారిణి వెంటే ఉండి, ఆమె మూత్రం పట్టి ఇచ్చేదాకా కళ్లప్పగించి చూసే ఎస్కార్ట్ వేషం మాత్రం ఇదే మొదలు.

రెన్విక్ క్లుప్తంగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా పదమూడేళ్ల పిల్లలకు విటమిన్లని చెప్పి స్టెరాయిడ్లు పొడుస్తోంది. ఆ సూదులు కళ్లారా చూసిన స్కేటర్ జోస్లిన్ ప్రూడెన్ రేపు విచారణలో సాక్ష్యం చెబుతుంది. ఇవాళ కాల్గరీలో మంచు మీద ఆమె స్కేటింగ్ రేసు, వెంటనే డోపింగ్ పరీక్ష. అందులో దొరికిపోతే ఆమె మాట ఎవరూ నమ్మరు.

“ఆమె టీమ్ డాక్టర్ సిమోన్ వాల్కోర్ మన మనిషే. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు అందిస్తోంది. కోడ్ మాట, ‘మంచు గట్టిగానే ఉంది’.”

తర్వాత ఫొటోలు చూపించాడు. గడ్డం మొలిచిన ఆడపిల్లలు. పసివాళ్ల ఒళ్లు గుల్లచేసి పతకాలు ఏరుకునేవాళ్లను మనుషులనడానికి ఆర్డిత్‌కి నోరు రాలేదు.

రేసయ్యాక పరీక్ష గదిలో జోస్లిన్‌కి అరగంటైనా చుక్క రాలేదు. ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోయాయి. అప్పుడు ఎర్ర కోటులో, ఖరీదైన సెంటు గుప్పుమంటూ డాక్టర్ వాల్కోర్ వచ్చింది. ఆర్డిత్ చెవిలో కోడ్ మాట చెప్పి, ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి, తనే మూత తిప్పి అందించింది.

“తాగు తల్లీ, నీరసంగా ఉన్నావు.”

ఎవరైనా ఏదైనా కలుపుతారేమోనని, పరీక్ష గదిలో ఎవరి సీసా మూత వాళ్లే తీసుకుంటారు. సీలు తెగిన చప్పుడు వినందే గుక్క మింగరు. కానీ ఒకప్పుడు విరిగిన జోస్లిన్ మోకాలిని బాగుచేసింది ఈ డాక్టరే. ఆ నమ్మకంతో జోస్లిన్ సీసా పెదవులకు ఆనించింది.

డాక్టర్ మూత తిప్పినప్పుడు ఆర్డిత్‌కి టక్కుమన్న చప్పుడు వినపడలేదు. ఒక్క అంగలో సీసా లాక్కుంది.

“ముందు మీరు తాగండి డాక్టర్ గారూ.”

“నాకు దాహంగా లేదు.”

“ఒక్క గుక్క.”

వాల్కోర్ చూపు తలుపు మీదికి పోయింది. ఆర్డిత్ తన కాలర్ కింద దాచిన అలారం మీట నొక్కింది. తలుపు తెరుచుకునేసరికి అవతల ఇద్దరు ఏజెంట్లు నిలబడి ఉన్నారు.

సీసాలో ఉన్నది స్టెరాయిడేనని ల్యాబ్ తేల్చింది. జోస్లిన్ తన చేత్తో మూత తీసుకున్న నీళ్లు తాగి శాంపిల్ ఇచ్చింది. అందులో ఏమీ లేదు. మర్నాడు సాక్ష్యమూ చెప్పింది.

వాల్కోర్‌ని ఏజెంట్లు తమ గదిలో కూర్చోబెట్టి నాలుగు గంటలు ప్రశ్నించారు. చివరికి దాహమంది. ఆర్డిత్ గ్లాసులో నీళ్లు పోసి ముందు పెట్టింది.

డాక్టర్ ఆ గ్లాసును మెల్లగా పక్కకు నెట్టింది.

“సీలున్న సీసా ఇప్పించండి. మూత నేనే తీసుకుంటాను.”