కోటు ముంచిన కంపెనీ

"ఏ కంపెనీదైనా సరే, పాత షేరు ధరల పట్టీ నా ముందు పెట్టండి. ఐదు నిమిషాల్లో దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తా. చెప్పలేకపోతే ఈ కుర్చీ మీకే ఇచ్చేస్తా."

ఈ మాటన్నవాడు షేర్ల బ్రోకరు ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. అందులో మూడు నెలలు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగడానికే సరిపోయాయి. అయినా ఆఫీసులో అందరూ అతన్ని ప్రొఫెసర్ అనే పిలిచేవాళ్ళు. గౌరవంతో మాత్రం కాదు.

కౌంటర్‌కి అవతల నిలబడ్డ అమ్మాయి గొడుగు మడిచింది. బయట కురవాల్సిన వానలో సగం అతని ఫైళ్ళ మీద కురిసింది. ఇంకెవరైనా అయితే ప్రొఫెసర్ యుద్ధం ప్రకటించేవాడే. ఆమె "అయ్యో, సారీ అండీ" అని కళ్ళెత్తి చూసేసరికి, ఆ ఫైళ్ళు చాలాకాలంగా వాన కోసమే ఎదురుచూస్తున్నాయని అతనికి తోచింది.

"అయితే ఈ కంపెనీ సంగతి చెప్పండి," అని ఆమె తన ఐడీ కార్డు చూపించింది. ఊళ్ళో పెద్ద ఫ్యాషన్ కంపెనీ అది. "నేను ఇందులోనే పనిచేస్తా. పాటర్న్‌లు గీస్తా. అంటే, బట్ట కోసే ముందు కాగితం మీద కొలతలు గీసి కోస్తాం కదా, ఆ పని. పందొమ్మిదేళ్ళ కిందట ఇదే నెలలో దీని షేరుకి ఏమైందో నాకు తెలియాలి. కాగితం మీద ఇవ్వండి, ఇంట్లో చూపించాలి."

ప్రింటర్ అలవాటు ప్రకారం కాగితం మింగేసింది. ప్రొఫెసర్ స్క్రీన్ మీదే చూసి ఈల వేశాడు.

"అబ్బో! దీన్ని పడటం అనరండీ, మేడ మీంచి దూకడం అంటారు. మంగళవారం పదిహేను వందలు. బుధవారం మూడొందల పన్నెండు! ఎవరో మహానుభావుడు ఒక్కరోజులో కంపెనీని నిండా ముంచేశాడు. ఆ బుర్రతక్కువ మనిషెవరో గానీ, కనిపిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

"మా నాన్న," అంది ఆ అమ్మాయి.

ప్రొఫెసర్‌కి కుర్చీ ఇచ్చేయడమే మంచిదనిపించింది.

ఆమె కోప్పడలేదు. మెల్లిగా చెప్పింది. వాళ్ళ నాన్న ఆ కంపెనీలోనే కటింగ్ మాస్టరు. ఏడాది పాటు కష్టపడి ఒక కోటు తయారుచేశాడు. ఆ బుధవారమే దాన్ని షాపు అద్దాల్లో పెట్టారు. మర్నాడు పేపర్లో షేరు ధర చూసి పక్క టేబుల్ వాడు నవ్వుతూ, "మాస్టారూ, నీ కోటు కంపెనీని ముంచింది పో!" అన్నాడు. అన్నవాడు మధ్యాహ్నానికి మరిచిపోయాడు. విన్నవాడు మరిచిపోలేదు. ఆ వారమే రాజీనామా ఇచ్చి, చిన్న కొట్టు పెట్టుకుని ప్యాంట్ల పొడవు తగ్గిస్తూ పందొమ్మిదేళ్ళు గడిపేశాడు. షేర్ల పేజీ మళ్ళీ తెరవలేదు. ఆ వీధిలోకి అడుగు పెట్టలేదు.

"వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం పాత వర్కర్లందర్నీ కంపెనీ పిలుస్తోంది. నాన్నకీ కార్డు వచ్చింది. 'ముంచినవాడికి అక్కడేం పని' అని వెళ్ళనంటున్నారు. నిజంగా కోటు వల్లేనా, ఇంకేదైనా ఉందా? ఆదివారం లోపల అది తెలిస్తే చాలండీ నాకు."

"రేపు రండి," అన్నాడు ప్రొఫెసర్. జీవితంలో మొదటిసారి రెండే మాటలతో ఆపాడు.

మర్నాడు గురువారం పొద్దున్నే ఆ రెండ్రోజుల ధరలు రాసుకుని వెళ్ళి పక్క సీటు అక్క ముందు నిలబడ్డాడు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఆ ఆఫీసులో ఉంది. ఆవిడకి తెలియని షేరు ఇంకా పుట్టలేదు.

"కుడిపక్క చివరి కాలమ్ చూశావా?" అంది అక్క కళ్ళజోడు తుడుచుకుంటూ.

"స్క్రీన్ మీద పట్టలేదక్కా."

"పక్కకి జరిపితే పడుతుందిరా తింగరోడా! స్ప్లిట్ చేశారు. ఒక్కో షేరుని ఐదు చేశారు. కేకుని ఐదు ముక్కలు కోస్తే కేకు తగ్గిపోద్దా?"

"తగ్గదు."

"ముక్క చిన్నదవుద్ది, అంతే. పదిహేను వందల షేరు ఒకటి ఉన్నవాడి చేతికి మూడొందల షేర్లు ఐదొచ్చాయి. ఎవడూ మునగలేదు. ఆ చివరి కాలమ్‌లో పాత ధరల్ని కూడా ఆ ముక్క లెక్కలోకి మార్చి రాస్తారు. ఇదిగో చూడు. మంగళవారం మూడొందలు. బుధవారం?"

"మూడొందల పన్నెండు."

"పడిందా, పెరిగిందా?"

ప్రొఫెసర్ ఎగిరి గంతేశాడు. ఆ ఆనందం అక్క సీటు నుంచి తన సీటు దాకా, అంటే సరిగ్గా నాలుగడుగులు నిలిచింది. ఐదో అడుగులో బుర్ర పనిచేసింది. ఈ సంగతి చెప్పడానికి అర నిమిషం చాలు. ఆమె "థ్యాంక్సండీ" అంటుంది. గొడుగు విప్పుతుంది. వెళ్ళిపోతుంది. పైగా నిన్నటి బుర్రతక్కువ బిరుదు ఇచ్చినవాడి దగ్గరికే తిరిగొస్తుంది.

డ్రాయర్లోంచి చిన్న కత్తెర తీశాడు. ప్రింట్ తీసిన కాగితం కుడివైపున చివరి కాలమ్ మొత్తం కోసేశాడు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి ముఖం గంభీరంగా పెట్టుకుని కూర్చున్నాడు. "చూడండి, రోగం తెలియాలంటే పుట్టుక నుంచి చదవాలి. ఆ కోటుకి ఎనిమిదేళ్ళ ముందు నుంచి మొదలెడదాం. రోజుకో సంవత్సరం."

"అంత అవసరమా?"

"పునాది లేకుండా మేడ కడతామా అండీ?"

చదువు మొదలైంది. ఎవరు ఎవరికి చెప్పారన్నది వేరే సంగతి.

"ఇదిగో, ఈ నెల్లో తొంభై పెరిగింది. విదేశీ పెట్టుబడులు వచ్చుంటాయి," అనేవాడు ప్రొఫెసర్.

"కాదండీ. ఆ నెలే మా వాళ్ళు గౌన్లకి జేబులు పెట్టారు."

"జేబులకే తొంభయ్యా?"

"పుట్టినప్పట్నుంచీ మీకు జేబులున్నాయి. లేనివాళ్ళ బాధ మీకేం తెలుస్తుంది?"

"మరి ఇక్కడెందుకు పడింది?"

"ఆ ఏడాది భుజాలకి దిండ్లు కుట్టారు. వేసుకున్నవాళ్ళు తలుపుల్లోంచి పక్కకి తిరిగి వెళ్ళాల్సొచ్చిందట."

ఆమె నవ్వితే పక్క సీటు అక్క కళ్ళజోడు పైనుంచి చూసేది. వారం తిరిగేసరికి ప్రొఫెసర్ వీధిలో పోయేవాళ్ళ కాలరు చూసి అది ఏ ఏడాది కుట్టిందో చెప్పే స్థాయికి ఎదిగాడు. చెప్పినవన్నీ తప్పే. కానీ స్థాయి స్థాయే.

గురువారం సాయంత్రం మాత్రం ఆమె నవ్వలేదు.

"నాన్న రాత్రి తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేసుకున్నారు. కార్డు జేబులో పెట్టుకుని చూశారు. పొద్దున లేచేసరికి చొక్కా మళ్ళీ బీరువాలోనే ఉంది."

ప్రొఫెసర్ చేతిలో కాగితం కింద పెట్టేశాడు. ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాడు. "చూడండీ..." అన్నాడు కూడా. ఆమె తల ఎత్తింది. కిటికీ బయట వాన మొదలైంది. ఆమె చెంప మీద ఒక వెంట్రుక అటూ ఇటూ ఊగుతోంది. "...రేపటి సంవత్సరం చాలా ముఖ్యమైంది," అని ముగించాడు. ఇంత పిరికితనం ఒక్క మనిషిలో ఎలా పట్టిందా అని ఆ రాత్రి అతనే ఆశ్చర్యపోయాడు.

శనివారం వచ్చింది. తెల్లారితే ఆదివారం. చదువు ఆ కోటు ఏడాదికి చేరింది. ఈ రోజు చెప్పి తీరాల్సిందే అని పొద్దున్నుంచీ అద్దం ముందు అభ్యాసం చేశాడు.

ఆమె ఒంటరిగా రాలేదు. వెనకాలే ఒక సన్నటి పెద్దాయన, మెడలో కొలత టేపుతో.

"తొమ్మిది రోజులుగా మా అమ్మాయి ఇంటికొచ్చి నవ్వుతోంది బాబూ. ఏ షేరు చూసి నవ్వుతోందో చూద్దామని వచ్చా," అన్నాడాయన.

టేబుల్ మీది కాగితం అందుకున్నాడు. అంకెలవైపు చూడలేదు. బొటనవేలితో కుడి అంచు పైనుంచి కిందిదాకా తడిమాడు.

"ఎవరు కోశారిది?"

"ప్రింటరండీ."

"ప్రింటరుకి చెయ్యి వణకదు బాబూ. చిన్న కత్తెర, కోత రాని చెయ్యి. ఇదిగో, ఇక్కడ ఎవరైనా చూస్తారేమోనని ఆగి, మళ్ళీ మొదలెట్టాడు."

"నేనూ రోజూ చూస్తున్నా నాన్నా," అంది ఆమె. "ఈయనకి కత్తెర పట్టడం రాదు పాపం, అనుకున్నా." అంటూనే ప్రొఫెసర్ ముఖం చూసి ఆగిపోయింది. "ఏం కోశారు?"

అభ్యాసం చేసిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రొఫెసర్ డ్రాయర్ తెరిచి, రోజుకొకటి చొప్పున కోసి దాచిన తొమ్మిది సన్నటి కాగితపు ముక్కలు బయటపెట్టాడు. అందులో ఆఖరిది తీసి కాగితం పక్కన చేర్చబోతే వంకరగా కూర్చుంది. పెద్దాయనే దాన్ని లాక్కుని అంచుకి అంచు పొందిగ్గా కలిపాడు.

ప్రొఫెసర్ అంతా చెప్పాడు. ఒక షేరు ఐదు కావడం, కేకు, ముక్కలు. పెద్దాయన వేలు మంగళవారం మీద ఆగింది. బుధవారం మీదకి జరిగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"అంటే... పడలేదా?"

"పెరిగింది మాస్టారూ. పన్నెండు."

"నా కోటు వల్లనా?"

అవునంటే ఎంత బావుండేది! నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"అది తెలీదు మాస్టారూ. ఎందుకు పెరిగిందో ఈ కాగితం చెప్పదు. ఎవరూ ముంచలేదని మాత్రం చెప్తుంది."

పెద్దాయన మెడలోంచి టేపు తీసి, మెల్లగా చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. "అది చాలు బాబూ," అన్నాడు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది ఆ అమ్మాయి. మిగతా ముక్కలు ఒక్కొక్కటే లెక్కపెడుతోంది.

"పోయిన వారం గురువారం నుంచి."

"సాయంత్రమా?"

"పొద్దున్న. పదిన్నరకి."

"తొమ్మిది రోజులు! ఆయన చొక్కా తీసి మళ్ళీ లోపల పెట్టుకుంటుంటే, మీరు నాకు జేబుల గురించి పాఠాలు చెప్తున్నారా? ఎందుకు?"

"జేబుల పాఠం మీరే చెప్పారండీ..." అని, ఆమె కళ్ళు చూసి తల దించుకున్నాడు. "చెప్పేస్తే థ్యాంక్స్ అని వెళ్ళిపోతారని. తప్పు చేశాను. ఆ పక్క టేబుల్ వాడు మధ్యాహ్నానికి మరిచిపోయాడు. నేను తెలిసి తెలిసీ చేశాను. మాస్టారూ, క్షమించండి."

పెద్దాయన కిటికీ దగ్గరికి నడిచి, వానలో ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూడసాగాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ప్రొఫెసర్ హడలిపోయాడు. ఆయన నవ్వుతున్నాడు.

"కుటుంబంతో రమ్మని రాశారు కార్డులో," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఆ పక్క టేబుల్ వాడూ వస్తాడు రేపు. నువ్వూ రా బాబూ. మీ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, కడుపునిండా తిట్టాలనుంది."

ఆ అమ్మాయి ఇంకా నవ్వలేదు.

"వెళ్ళిపోయేదాన్నే," అంది. "మళ్ళీ రానని ఎవరు చెప్పారు మీకు?"

ప్రొఫెసర్ డ్రాయర్లోంచి ఆ కత్తెర తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇంకేమైనా దాచారా?"

"ఒక్కటి ఉందండీ."

"చెప్పండి. ఇప్పుడే. నాన్న ఉండగానే."

పక్క సీటు అక్క కళ్ళజోడు తీసేసి మరీ చూస్తోంది. పెద్దాయన చూపు కిటికీ బయటే ఉంది గానీ, చెవులు రెండూ ఇటే ఉన్నాయి.

"మీరంటే నాకు ఇష్టమండీ," అన్నాడు ప్రొఫెసర్, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయినవాడి గొంతుతో.